4.6 విమర్శనాత్మక పరిశీలన: పేరు చెప్పే కీ, చోటు చెప్పే చీటీ

బిర్యానీలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్ అని మీకు తెలుసు. మన దేశపు లైకెన్లను గుర్తించడానికి ఉపయోగపడే రెండు ముఖ్య రచనలను ఇప్పుడు పరిశీలిద్దాం. లక్నో విశ్వవిద్యాలయ ఆచార్యులు ధరణీధర్ అవస్థి 1988లో భారత్, నేపాల్ స్థూల లైకెన్లకు, 1991లో భారత్, నేపాల్, శ్రీలంక సూక్ష్మ లైకెన్లకు గుర్తింపు కీలు ప్రచురించారు.

ముందుగా వీటి మేలు చెప్పుకోవాలి. చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని ఇవి ఒకచోట చేర్చి, మెట్టు మెట్టుగా పేరు దగ్గరికి నడిపిస్తాయి.

ఇక పరిమితులు. మీరు విశాఖపట్నం దగ్గరి రుషికొండకు వెళ్లారనుకోండి. ఎండ, ఉప్పుగాలి తగిలే ఇలాంటి రాళ్ల మీద సాధారణంగా కనిపించేవి రాతికి అతుక్కుపోయే క్రస్టోస్ రకాలు. ఎడారి రాళ్ల మీదా ఇంతే. హిమాలయాల్లో కొమ్మలకు వేలాడే ఫ్రూటికోస్ రకాల్లా ఇవి చూడగానే తేలవు. సిద్ధబీజాల్లో అడ్డుగోడలు లెక్కించాలి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి రంగు చూడాలి. మైక్రోస్కోపు లేని దూరవిద్య విద్యార్థి మధ్యలోనే ఆగిపోతాడు. ఇది రచయిత లోపం కాదు, లైకెన్ల స్వభావం.

అసలు పరిమితి వేరే ఉంది. కీ 'ఇది ఏది?' అన్న ప్రశ్నకే జవాబిస్తుంది. 'ఎక్కడ, ఎప్పుడు, దేనిమీద?' అన్నవాటికి నమూనా చీటీయే జవాబు. తప్పు పేరును రేపు మరొకరు దిద్దగలరు. రాయని చోటును ఎవరూ దిద్దలేరు. అవస్థి సేకరణ నేడు లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో ఉంది కాబట్టే ఆయన పెట్టిన పేర్లను ఇప్పటికీ సరిచూడవచ్చు.

2021 తర్వాత నిర్మాణాల కోసం రుషికొండలో కొంత భాగాన్ని తవ్వేశారు. అక్కడి రాళ్ల మీద ఏముండేదో ఇక కొండ చెప్పదు, పాత నమూనా ఉంటే అదే చెప్పాలి. లైకెన్లకూ గాలి కాలుష్యానికీ ఉన్న సంబంధాన్ని నైలాండర్ 1866లోనే పారిస్‌లో గుర్తించాడు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరానికి తేదీ వేసిన నమూనా ఎంత విలువైనదో ఆలోచించండి.

కాబట్టి పేరు తెలియలేదని నమూనాను పారేయకండి. అనుమతితో చిన్న ముక్క తీసి, ఆరబెట్టి, కాగితపు పొట్లంలో ఉంచి, చీటీ అక్కడే రాయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పేరు లేని నమూనా, చోటు రాయని నమూనా – ఏది ఎక్కువ ఉపయోగకరం? కారణాలు రాయండి.