రెండు నాణేల ఊరు

అడవిలో ఆట నడపడం తేలిక. బాట ఒకటే ఉంటుంది, దాని చివర గుహ ఉంటుంది, గుహలో ఏముందో నాకు ముందే తెలుసు. నగరం అలా కాదు. ఆటగాళ్లు ఊరి దర్వాజా దాటి అడుగు పెట్టిన మరుక్షణం ఒకడు సారాకొట్టు ఎక్కడంటాడు, ఇంకొకడు గుర్రం అమ్ముకోవాలంటాడు, మూడో అమ్మాయి ఎవరికీ చెప్పకుండా ఓ వడ్డీ వ్యాపారి వెంట సందులోకి పోతుంది. ఆ సందులో ఏముందో ఆ క్షణాన నాకూ తెలియదు. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ గేముల్లో ఊరిని నిలబెట్టడం కంటే కష్టమైన పని లేదు. నాకు అంతకంటే ఇష్టమైనదీ లేదు.

ఈ ఆట ఎరగనివారి కోసం రెండు మాటలు. ఇందులో బోర్డు ఉండాలని లేదు, ఒకరి మీద ఒకరు గెలవడమూ లేదు. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, తమ పాత్ర ఇప్పుడేం చేస్తుందో చెబుతారు. ఆ పని నెరవేరిందో బెడిసికొట్టిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఇది మొదలైంది. అయితే మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు చదివినవారికి దీని పోకడ కొత్తగా తోచదు. మణిసిద్ధుడు కాశీకి నడిచిపోతుంటాడు, వెంట పశువుల కాపరి కుర్రాడు. మజిలీ చేసిన చోటల్లా కుర్రాడు ఏదో ఒక వింత చూసొచ్చి దాని సంగతేమిటో చెప్పమంటాడు. అప్పుడు కథ మొదలవుతుంది. అడిగితేనే కథ. నగరం కూడా అంతే, ముందే పూర్తిగా కట్టి ఉండదు. ఆటగాడు వేలు చూపించిన చోట గోడ లేస్తుంది, తలుపు తట్టిన చోట మనిషి పుడతాడు.

ఈ పనిలో పెద్దలున్నారు. 1976లో జడ్జెస్ గిల్డ్ అనే చిన్న సంస్థ ‘సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్‌విన్సిబుల్ ఓవర్‌లార్డ్’ అనే నగరాన్ని వీధి పటంతో సహా అచ్చు వేసింది. ఏ దుకాణం ఎవరిదో కూడా అందులో ఉంటుంది. ఎడ్ గ్రీన్‌వుడ్ ఊహలోంచి వచ్చిన వాటర్‌డీప్ మీద తరాలుగా ఆడుతున్నారు. మాంటీ కుక్ 2006లో తెచ్చిన టోలస్ అనే ఒక్క నగరానికే ఆరువందల పైచిలుకు పేజీలు పట్టాయి. 2022లో అజిత్ జార్జ్, వెస్లీ ష్నైడర్ నేతృత్వంలో వచ్చిన ‘జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్’లో శ్వేతజాతీయులు కాని రచయితలు తమ తమ నేలల కథల్లోంచి ఊళ్లు కట్టారు. ఇవన్నీ నేను ఇష్టంగా చదివాను, కొన్నిటిలో ఆడాను కూడా. కానీ మా మారేడుపల్లి ఇంట్లో ఆదివారం సాయంత్రాలు పిల్లలతో వాటర్‌డీప్ నడిపిస్తున్నప్పుడు ఒకటి గమనించాను. ఆకలేస్తే తమ పాత్ర ఏం తింటుందో, కోపమొస్తే ఏమని తిడుతుందో, అప్పులవాడు ఎదురైతే ఏ సందులోకి తప్పుకుంటుందో చెప్పడానికి తడుముకునేవారు. కత్తి తిప్పడం వచ్చేది, బతకడం వచ్చేది కాదు. ఊరు తమది కాకపోతే అంతే.

అందుకని ఆట కోసం మా సొంత నగరం, దండుపేట, కట్టాం. నడుమ పెద్ద చెరువు, చెరువుకు గట్టు. గట్టుకు దక్షిణాన నవాబు గారి పాత నగరం. ఉత్తరాన సముద్రం దాటొచ్చిన వర్తకుల సైన్యం. ఆ సైన్యం నవాబుది కాదు, దాని ఖర్చు మాత్రం నవాబుదే. ఇంతవరకు చదివిన లష్కర్ వాళ్లకి ఇక నేను చెప్పాల్సిన పని లేదు. 1798 ఒప్పందంతో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీ పటాలాలను తన ఖర్చుతో తన నేల మీద నిలుపుకోవడానికి ఒప్పుకున్నాడు. అవి హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండు విడిదికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్, జనం నోట లష్కర్. రాజ్యం నిజాంది, దండు విడిదిలో పెత్తనం ఇంగ్లీషువాళ్లది. ఇలాంటి ఏర్పాటును ఏ నవలాకారుడైనా ఊహించి రాస్తే ఎక్కడైనా జరుగుతుందా అంటాం. మన చెరువు పక్కనే జరిగింది.

ఆటకు పనికొచ్చే నగరం గోపురాల వల్లా బురుజుల వల్లా రాదు, హద్దు వల్ల వస్తుంది. ఒక గీత ఉండాలి. గీతకు ఇటు తప్పైనది అటు తప్పు కాకుండా పోవాలి. ఇటు చెల్లే మాట అటు చెల్లకూడదు. ఆ గీత దాటుతూ పొట్ట పోసుకునేవాళ్లు ఉండాలి. కథ వాళ్ల దగ్గర ఉంటుంది.

నాణేల సంగతే చూడండి. నిజాం రాజ్యానికి సొంత నాణెం, హాలీ సిక్కా. దండు పక్క బ్రిటిష్ ఇండియా రూపాయి, జనం నోట కల్దార్. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. దండుపేటలో ఇదే లెక్క పెట్టాను. మా అన్నయ్య కూతురు ఆడే పాత్ర ఒక దొంగ. ఉత్తరపు పక్క ఉంగరం అమ్మి, దక్షిణపు పక్క అన్నం కొనబోయింది. అంగడివాడు ఆరు నాణేలు తీసుకుని ఏడింటి సరుకు కొలిచేసరికి ఆటలో దొంగ కంటే బయట అమ్మాయే ఎక్కువ ఉలిక్కిపడింది.

“బాబాయ్, అంటే గట్టు దాటితే చాలు, డబ్బు పెరుగుతుందా?”

“ఊరికే పెరగదమ్మా. మార్చేవాడికి బట్టా కట్టాలి.”

“ఆ మార్చేవాడు ఎవరి మనిషి? ఇటువాళ్ల మనిషా, అటువాళ్ల మనిషా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పటికి జవాబు లేదు. టేబుల్ మీద పాచికలు పక్కకు నెట్టి అందరం కలిసి ఆ మనిషిని కట్టాం. గట్టు మధ్యలో, ఏ పక్కకూ చెందని చోట కూర్చునే సాహుకారు. రెండు పక్కలా అతనికి బాకీలున్నాయి, రెండు పక్కలా అతనంటే పడదు. జీతాల రోజు ముందు రాత్రి నవాబు దివాను మారువేషంలో అతని దగ్గరికే వస్తాడు. ఆ ఎండాకాలమంతా కథ అతని చుట్టూ నడిచింది. ఒక్క రాక్షసుడు రాలేదు, ఎవరూ రాక్షసుణ్ణి అడగనూ లేదు.

ఇలాంటి గీతలు మనకు చాలా ఉన్నాయి. గోదావరి పాయ పక్కన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. 1947 దాకా చుట్టూ బ్రిటిష్ ఇండియా. 1929లో శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లలకు పెళ్లి చేయదలచిన కుటుంబాలు యానాం వెళ్లి ముహూర్తం పెట్టుకునేవి, ఆ చట్టం అక్కడ చెల్లదు కనుక. కళ్యాణపురం అన్న పేరు ఆ ఊరికి అలా వచ్చింది. హద్దు దొంగలకే కాదు, పెద్దమనుషులకూ అక్కరకొస్తుందని తెలియడానికి ఇంతకంటే ఏం కావాలి. ఆ పేరు వినడానికి ఎంత మంగళకరంగా ఉన్నా, బండిలో నిద్రపోతూ గీత దాటిన ఆ పెళ్లికూతుళ్ల వైపు నుంచి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నగరం కట్టేవాడు ప్రతి హద్దు దగ్గరా ఈ లెక్క వేసుకోవాలి. దీనివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు నలిగిపోయారు? రెండోవాళ్లు కనబడని నగరాన్ని నేను నడపను.

దేవుళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉంటాను. ఉజ్జయిని మహంకాళి అమ్మవారి గుడి వెనక కథ లష్కర్‌లో అందరూ ఎరిగినదే. సురిటి అప్పయ్య పటాలంలో డోలీ మోసేవాడు. 1813లో బదిలీ మీద ఉజ్జయినికి పోయాడు. ఇక్కడ కలరా పీనుగులు లేపుతోందని తెలిసి, తన ఊరు చల్లబడితే అమ్మను అక్కడికి తెచ్చుకుంటానని మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో కర్ర విగ్రహం నిలిపాడు. ఇవాళ లష్కర్ బోనాలకు నగరం నగరమంతా కదిలొస్తుంది. మర్నాడు రంగంలో, పచ్చి కుండ మీద నిలబడిన స్త్రీ నోట ఏడాదిలో రాబోయేది వింటుంది. దీన్ని నేను ఆటలోకి తేను. ఒకరి మొక్కు మీద పాచిక దొర్లించడం నాకు ఇష్టం లేదు. ఆ కథ నాకు నేర్పిన ఒక సంగతిని మాత్రం ఉంచుకున్నాను: ఊళ్లో అన్నిటికంటే పెద్ద గుడిని రాజు కట్టాడని అనుకోనక్కర్లేదు. దండుపేటలో పెద్ద దీపం వెలిగించింది ఒక బరువులు మోసే మనిషి. ఆటలో రాకుమారుడిగా తిరిగే కుర్రాడు ఆ దీపం ముందు ఎవరి వెనక నిలబడాలో తెలియక తబ్బిబ్బయ్యాడు. అతని పాత్ర ఆ రోజు నుంచే మనిషైంది.

జబ్బు గురించి కూడా లష్కరే నేర్పింది. 1897 ఆగస్టు 20న ఇక్కడ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగును చూశాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. ఇది బడి పుస్తకాల్లో ఉంది. ఆ దోమలకు రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్ పేరు ఎంతమందికి తెలుసు? కుట్టిన దోమకు అణా చొప్పున, మొత్తం ఎనిమిది అణాలు అతని కూలి. జ్వరంతో వణుకుతూ పడుకున్న మనిషి చేతి మీద ఎవరో దోమలను వాలనిస్తున్నారు, లెక్కపెట్టి డబ్బులిస్తున్నారు. ఆ అణాలతో అతనేం కొన్నాడు? ఇంటికెళ్లి ఏం చెప్పాడు? చరిత్ర చెప్పదు. మా టేబుల్ దగ్గర నర్సింగ్ చదువుతున్న అమ్మాయి, కొత్త పాత్ర ఏది కావాలంటే, అలాంటి రోగి పాత్ర అడిగింది. మంత్రగాళ్లు, విలుకాళ్లు ఉన్న జట్టులో జ్వరమే ఆస్తిగా ఉన్న మనిషి. వైద్యుడికి ఆ రక్తం కావాలి, నవాబుకు ఆ వైద్యుడి రహస్యం కావాలి, మధ్యలో తన ఒంటి ధర తానే చెప్పుకోవాల్సిన మనిషి. నేను నడిపిన ఆటల్లో అంతకు మించిన పాత్రను చూడలేదు.

పేటల పేర్లకు పెద్దగా కష్టపడలేదు. కార్ఖానా, పికెట్, రెజిమెంటల్ బజార్, లాల్ బజార్ అని మన బస్సుల మీదే రాసి ఉంటే, ఏ పటాలానికి ఏ బజారు ఎలా అతుక్కుని పెరిగిందో కళ్లకు కడుతుంది. మేము కూడా గుర్రాల బజారు, డోలీవాళ్ల వాడ, దర్జీల లైన్లు అని పెట్టుకున్నాం. రైలు మాత్రం తేలేదు. సికింద్రాబాద్‌కు 1874లో రైలొచ్చింది. దండుపేటకు రావద్దని పట్టుబట్టాను. రైలొస్తే డోలీవాళ్ల వాడ ఖాళీ అవుతుంది, నాకింకా అక్కడ పని ఉంది.

భాష గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఈ ఆట మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఆడతారు. పుస్తకాలు అందులో ఉన్నాయి కనుక అలా అలవాటైంది. మేము తెలుగులో ఆడతాం. కాపలావాడు దక్కనీలో గద్దిస్తాడు, మద్రాసు పటాలంతో వచ్చిన దుబాసీ అరవం కలిపి మాట్లాడతాడు. దివాను సాహుకారును పగలు “ఏరా” అని, రాత్రి “మీరు” అని పిలుస్తాడు. ఆ పిలుపు మారిన క్షణంలో టేబుల్ చుట్టూ ఉన్న పిల్లలందరికీ ఎవరు ఎవరికి బాకీయో అర్థమైపోయింది. నేను ఒక్క మాట వివరించనక్కర్లేకపోయింది.

ఆట నడిపేవాళ్లకు, నడపాలనుకునేవాళ్లకు నాదొక విన్నపం. మీ ఊరిని కట్టండి. బందరులో ఉంటే ఒకప్పుడు డచ్చివాళ్ల, ఇంగ్లీషువాళ్ల గిడ్డంగులుండిన రేవు ఉంది. వరంగల్‌లో ఉంటే రాతికోట, దాని చుట్టూ మట్టికోట ఉన్నాయి, ఆ రెంటి మధ్య ఎవరు బతికారో అడగండి. లష్కర్‌లోనే ఉంటే పుస్తకం తెరవకముందు మీ ఇంట్లో, మీ వాడలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. హాలీ సిక్కా 1950ల దాకా చలామణిలో ఉంది. ఆ నాణెం పిడికిట్లో పట్టుకుని జనరల్ బజార్‌లో బెల్లమో బట్టో కొన్న పిల్లలు ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. బట్టా ఎవరికి కట్టారో, ఎంత కట్టారో వాళ్లకు గుర్తుంటుంది. ఈ ఆదివారమే వెళ్లి అడగండి.