చీకట్లో లెక్క రాసేవాళ్లు

మిణుగురులను లెక్కించేవాళ్ల ఓపిక చూస్తే నాకు ఎంతో గౌరవం. చేతిలో స్టాప్‌వాచ్, టార్చికి ఎర్ర కాగితం, పక్కన థర్మామీటర్. ఎగిరే మగపురుగు ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుందో, గడ్డి మీది ఆడపురుగు ఎంత ఆగి బదులిస్తుందో రాసుకోవాలి. జాతిని బట్టి లయ మారుతుంది. వేడి పెరిగితే మెరుపుల మధ్య ఎడం తగ్గుతుంది. అందుకే ఉష్ణోగ్రత రాయని లెక్క అక్కరకు రాదు. అమెరికాలో జేమ్స్ లాయిడ్ అనే శాస్త్రవేత్త 1966లో ఫొటైనస్ ప్రజాతి మిణుగురుల మెరుపు సంకేతాలను జాతుల వారీగా వివరించాడు.

ఆంధ్రప్రదేశ్‌లోని బర్రంకులలో 1996లో పది మీటర్లకు 500కు పైగా కనిపించిన మిణుగురులు 2019లో 10–20కి పడిపోయాయి. పాత లెక్క ఉండబట్టే ఆ నష్టం తెలిసింది! జగిత్యాల, కోరుట్ల వరిగట్ల మీద, సిరిసిల్లలో మానేరు ఒడ్డున కూడా వానాకాలపు రాత్రుల్లో ఎవరైనా ఇలా నోట్‌బుక్ పట్టుకుని నిలబడాలి, వీధిదీపాలు పొలాల దాకా రాకముందే.