ఇంగ్లీషు పరిశోధనకు ఐరాల చాలదా?

భాషను పరిశోధించినవాళ్ళలో నాకు విలియం లబోవ్ అంటే వీరాభిమానం. ముందే చెప్పేస్తున్నాను, ఈ వ్యాసంలో నిష్పాక్షికత వెతక్కండి.

ఆయన భాషాశాస్త్రంలోకి రాకముందు ఇంకులు తయారుచేసే కెమిస్టు. 1962లో న్యూయార్కులో మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నాడు. సాక్స్ డబ్బున్నవాళ్ళది, మేసీస్ మధ్యతరగతిది, ఎస్. క్లైన్ చవక బేరాలది. నాలుగో అంతస్తులో ఏం అమ్ముతారో ముందే చూసుకుని, అది ఎక్కడ దొరుకుతుందని గుమాస్తాను అడిగేవాడు. "ఫోర్త్ ఫ్లోర్" అని జవాబు. వినపడనట్టు కాస్త ముందుకు వంగి "ఏమన్నారు?" అనేవాడు. గుమాస్తా ఈసారి ఒత్తి పలికేవాడు. లబోవ్ పక్కకెళ్ళి, ఆ రెండు మాటల్లోనూ రకారం వినిపించిందో లేదో రాసుకునేవాడు. అంతే! 264 మంది జవాబులిలా పోగయ్యాయి. సాక్స్‌లో రకారం ఎక్కువ వినిపించింది, క్లైన్‌లో బాగా తక్కువ. మనిషి తాహతుకూ నోట్లో పలికే ఒక్క శబ్దానికీ లంకె ఉందని తేల్చడానికి ఆయన వాడిన సరంజామా ఒక ప్రశ్న, ఒక పెన్సిలు. గ్రంథాలయంలో కూర్చుని పది పుస్తకాలు కలిపి పదకొండోది వండేవాళ్ళను ఆయన పక్కన నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

మనవాళ్ళేం తీసిపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు జిల్లా జిల్లాకూ సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. అది తెలుగు పని కదా అంటారేమో. చెవి పెట్టి వినే విద్యకు భాషాభేదం ఏముంది?

ఇప్పుడు డిగ్రీ పిల్లలకూ ఆ అవకాశం వచ్చింది. యూజీసీ 2022లో తెచ్చిన నాలుగేళ్ళ డిగ్రీ చట్రంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్ళు నాలుగో ఏడు సొంతంగా పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం రాయొచ్చు. దానికి 12 క్రెడిట్లు. ఇంగ్లీషు మేజరు తీసుకున్న మా ఐరాల మండలం పిల్ల అందుకు హైదరాబాదు పరుగెత్తక్కర్లేదు. మండలంలోనే కాణిపాకం ఉంది. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ వచ్చే భక్తులతో బేరమాడే కొట్లవాళ్ళ నోళ్ళలో ఇంగ్లీషు మాటలు రోజంతా నలుగుతూనే ఉంటాయి.

అయితే "గ్రామీణ విద్యార్థుల ఇంగ్లీషు సమస్యలు" అని పేరు పెట్టారా, మునిగారే. ప్రశ్న ఎంత ఇరుకైతే పని అంత లోతు. ఒక్క ఫకారం చాలు. ఇంగ్లీషువాళ్ళు పైపళ్ళు కింది పెదవికి తాకించి గాలిని ఒరిపిస్తారు. మన బడిలో నేర్పిన ఫకారానికి రెండు పెదవులూ కలవాలి. ఊళ్ళో పెద్దవాళ్ళు ఈ రెండింటి జోలికీ పోకుండా "కాపీ, ఆపీసు" అంటారు. కాణిపాకంలో కొట్టు ముందు నిలబడి "తాగేదానికి ఏముందన్నా?" అని అడగండి. జవాబొస్తుంది. "ఏమన్నా?" అని మళ్ళీ అడగండి. రెండు జవాబులూ విడివిడిగా రాసుకోండి. పేరు వద్దు; వయసు అంచనా, ఆడా మగా, కొట్టు చిన్నదా పెద్దదా చాలు. ఇంట్లో తెలుగా తమిళమా, ఏ మీడియంలో చదివారు అన్నవి కావాలంటే కాసేపు కూర్చుని, పనేమిటో చెప్పి, ఒప్పుకుంటేనే అడగాలి. రికార్డు చేయడమూ అంతే. రికార్డు చేసినవి ఇంకో స్నేహితురాలికి వినిపించి ఆమెనూ విడిగా రాయమనాలి. ఇద్దరి రాతలు ఎక్కడ కలవలేదో దాచకుండా వ్యాసంలో పెట్టాలి. గమనించేవాడు లేనప్పుడు మనిషి ఎలా మాట్లాడతాడో గమనించాలి, ఈ విద్యలో అసలు చిక్కు అదే. లబోవ్ దాన్ని దాటిన తీరు చూసే నేను ఆయనకు దాసోహమన్నది.

ఇక నా కడుపుమంట. జెరాక్సు కొట్లలో ప్రాజెక్టులు రెడీమేడుగా దొరుకుతున్నాయి. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల పోయినేటి సరుకు. ఐరాల మండలం సర్వే అని పేరున్న ఒక ప్రాజెక్టులో సముద్రతీర మత్స్యకారుల లెక్కలు చూశాను. మా మండలానికి సముద్రం ఎప్పుడొచ్చిందో ఆ పిల్లాడికీ తెలీదు, సంతకం పెట్టినాయనకూ తెలీదు! ఇప్పుడు ఆ కొట్టుదాకా పోయే శ్రమా లేదు, ఫోనుకు చెబితే జరగని ఇంటర్వ్యూలు కూడా జరిగినట్టే రాసిస్తోంది. కార్బైడు వేసి మాగబెట్టిన తోతాపురి పైకి పసుపే, కోసి నోట్లో పెట్టుకుంటేనే బండారం బయటపడేది. ఈ ప్రాజెక్టులను కోసేవాళ్ళే లేరు. నిజంగా తిరిగి, రాసి, తప్పులు దిద్దుకున్న పిల్లకూ, కొనుక్కొచ్చినవాడికీ ఒకే మార్కు వేస్తే వచ్చే ఏడు ఆ పిల్ల చెల్లెలు ఎందుకు తిరుగుతుంది?

లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. వైవా రోజున బైండింగు పక్కన పెట్టించండి. ఊళ్ళో తిరిగినప్పుడు రాసుకున్న నోటుబుక్కు అడగండి, కొట్టివేతలతో, చెమట మరకలతో ఉన్నది. అది చూపించలేనివాళ్ళకు మార్కులు వేయకండి.