గోరు చెప్పే లోతు

మంచిర్యాల నుంచి చెన్నూరు దిక్కు పోయే రోడ్డు మీద నస్పూర్, శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గు బావులతో పెరిగిన ఊళ్లు. షిఫ్టు మారే వేళ గని ముందు బండ్లు హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనించి నిలబడి ఉంటాయి. తీసేటప్పుడు పక్క బండి ఫుట్‌రెస్టు గీరిందంటే స్కూటీ ప్యానెల్ మీద జానెడు గీత. "కొత్తది ఎయ్యాల్నా అన్నా?" అని అడిగితే మంచి పెయింటర్ వెంటనే జవాబివ్వడు. ముందు గీతకు అడ్డంగా గోరు పెట్టి లాగుతాడు.

గోరు జారిపోతే దెబ్బ పైనున్న క్లియర్ కోటుకే తగిలింది, పాలిష్‌తో పోతుంది. గోరు గాడిలో పడి ఆగితే లోతు ఎక్కువ. రంగు, ప్రైమర్ దాటి ప్లాస్టిక్ దాకా దిగిందేమో చూడాలి. ఆ పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ, అంతే.

తర్వాత ప్యానెల్ విప్పి వెనక్కి తిప్పుతాడు. అచ్చులోనే పోసిన అక్షరాలుంటాయి: ఏబీఎస్ అనో, పీపీ అనో. స్కూటీ ప్యానెళ్లలో మొదటిది ఎక్కువ, కారు బంపర్లలో రెండోది. అక్షరాలు అరిగిపోతే చిన్న ముక్క గీకి నీళ్లలో వేస్తే సరి. ఏబీఎస్ మునుగుతుంది, ఉత్త పీపీ తేలుతుంది. ఈ తేడా తెలియకుండా చేసిన పని నిలవదు. ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి దాని పొట్టునే కరిగించి ముద్ద చేసి పగులు పూడ్చుకోవచ్చు. పీపీ అలా కాదు. ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో గట్టి రూపంలో తయారు చేసిన ఈ పాలీప్రొపిలీన్ మీద రంగు తామరాకు మీద నీళ్లే. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా పట్టించకపోతే ఎంత మంచి పెయింటు కొట్టినా కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది.

అసలు పని కడగడంతో మొదలవుతుంది. తొందరపడి ముందే వాటర్ పేపర్ పెడితే పైనున్న మైనం, గ్రీజు గరుకు గీతల్లోకి దిగిపోతాయి, తర్వాత ఎంత తుడిచినా రావు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక జిడ్డు తీసే ద్రావకంతో తుడవాలి. ఇక్కడే చూసేవాళ్లకు గుండె గతుక్కుమంటుంది: సన్న గీతను పెయింటర్ 180 నంబరు పేపర్‌తో ఇంకా వెడల్పు చేస్తాడు. నిట్టనిలువు గాడిలో లప్పం కూరితే అంచు పట్టు దొరకదు, కొన్నాళ్లకు అదే గీత మళ్లీ తేలుతుంది. గాయాన్ని పళ్లెంలా పరిచి, పక్కనున్న రంగు అంచుల్ని వాలుగా అరగదీస్తేనే లప్పం కుదురుకుంటుంది. అదీ రేకు మీద పెట్టే గట్టి లప్పం కాదు, ప్లాస్టిక్‌తోపాటు వంగేది కావాలి. బంపర్ వంగినప్పుడల్లా గట్టి లప్పం లోపల చిట్లుతుంది.

లప్పం ఆరాక 240, 320, 400 అని ఒక్కో మెట్టు దిగుతూ కట్టెకు చుట్టిన పేపర్‌తో రుద్దాలి. ప్రైమర్ కొట్టి, పైన నల్లరంగు తుంపర చల్లి మళ్లీ రుద్దితే పల్లంలో నలుపు మిగులుతుంది, మిట్ట మీద ముందే పోతుంది. అయినా ఆఖరు మాట అరచేతిదే. కళ్లు మూసుకొని నిమిరితే కంటికి అందని వంపు చేతికి దొరుకుతుంది.

నాకు ఈ పని చూసినప్పుడల్లా నిర్మల్ బొమ్మలు గుర్తొస్తాయి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా నస్పూర్‌దీ నిర్మల్‌దీ ఒకటే ఆదిలాబాద్ జిల్లా. అక్కడ పొనికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, తెల్ల సుద్ద పూసి నున్నగా చేశాకే రంగు ముడతారు. కార్ల కోసం అమెరికాలో పుట్టిన డ్యూకో రంగులు ఆ బొమ్మలు చేసే నకాషీల పనిలోకీ వచ్చాయి. కింది పని కుదిరాకే పై మెరుపు అన్న క్రమం రెండు చోట్లా ఒకటే. షెడ్డు పనిని కళ అనడానికి మనం ఎందుకు వెనకాడతామో నాకు అర్థం కాదు.

స్ప్రే గన్ పట్టాక ఊరి ఎండను లెక్కలోకి తీసుకోవాలి. మే నెల వేడిలో థిన్నర్ గాల్లోనే ఎగిరిపోయి రంగు పొడిపొడిగా పడుతుంది. వానాకాలం తేమకు లాకర్ పెయింటు తెల్లబారుతుంది. రెండింటికీ మెల్లగా ఆరే థిన్నరే మందు. రేకును వేడి చేసినట్టు ప్లాస్టిక్‌ను చేయలేం, సుమారు 60 డిగ్రీలు దాటితే వంకర పోయే భయం.

ఒక్క విషయంలో మాత్రం బాధగా ఉంటుంది. క్లియర్ కోటులో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెచ్చిపెడతాయి. ముఖానికి కట్టుకున్న దస్తీ వాటిని ఆపదు. బయటి మంచి గాలిని గొట్టంతో అందించే మాస్కు కావాలి. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఎరిగిన ఊళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త ప్యానెల్ బిగించొచ్చు కదా అంటారు. పదేళ్ల ఎండకు వెలిసిన ఎర్ర స్కూటీకి షోరూం ఎరుపు ప్యానెల్ బిగించి చూడండి, దూరం నుంచే అతుకు తెలిసిపోతుంది. కంపెనీ కోడు బండి పుట్టినప్పటి రంగు చెబుతుంది. పెయింటర్‌కు కావలసింది ఇవాళ్టి రంగు. అందుకే కలిపిన రంగును అట్టముక్క మీద కొట్టి, ఆరాక క్లియర్ వేసి, షెడ్డు బయటికి తెచ్చి బండి పక్కన పెడతాడు. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, లోపలికి వెళ్లి ఇంకో చుక్క తెలుపు కలుపుతాడు.