మాటకు కట్టిన మెట్లు

మొరాకోలోని మరాకేష్ నగరంలో బాదీ రాజప్రాసాదం శిథిలాలున్నాయి. అక్కడి ఒక గదిలో కొయ్యతో చేసిన మెట్లవరస ఒకటి భద్రంగా ఉంది. ఎత్తు 3.86 మీటర్లు, పొడవు 3.46 మీటర్లు, వెడల్పు 87 సెంటీమీటర్లు. ఒక్క మనిషి ఎక్కడానికి సరిపోయే వెడల్పు అది. మెట్లెక్కి వెళ్తే ఏ గదీ రాదు, ఏ మేడా రాదు. పైన చిన్న ఆసనం, దాని వెనక వీపుపలక, అంతే. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు ముందు ఖుత్బా అనే ఉపన్యాసం చెప్పే ఖతీబు ఎక్కే ఈ పీఠాన్ని మింబర్ అంటారు. ఈ మింబర్ పని స్పెయిన్‌లోని కోర్డోబా నగరంలో 1137లో మొదలైంది. చేయించినవాడు అల్మొరావిద్ వంశపు పాలకుడు అలీ ఇబ్న్ యూసుఫ్. విడిభాగాలుగా సముద్రం దాటించి మరాకేష్‌లో కూర్చారు. తర్వాత చాలా శతాబ్దాలు కుతుబియ్యా మసీదులో ఉండడం వల్ల కుతుబియ్యా మింబర్‌గా పేరుపడింది.

ఒక ఉపన్యాస పీఠానికి ఇంత శ్రమ ఎందుకు పెట్టారో తెలియాలంటే అక్కడినుంచి పలికే మాటకున్న బరువు తెలియాలి. మధ్యయుగపు ముస్లిం రాజ్యాల్లో సార్వభౌముడు ఎవరన్న ప్రశ్నకు రెండు చోట్ల జవాబు దొరికేది. నాణెం మీద ఎవరి పేరు అచ్చయితే వారు, ఖుత్బాలో ఎవరి పేరు వినిపిస్తే వారు. ఈ సంగతి మన గోల్కొండకూ అనుభవమే. 1636లో అబ్దుల్లా కుతుబ్ షా మొగలు చక్రవర్తి షాజహాన్‌కు లొంగినప్పుడు ఒప్పుకున్న షరతుల్లో ఒకటి, ఖుత్బాలోంచి ఇరాన్ షా పేరు తీసేసి షాజహాన్ పేరు చేర్చడం. కోటలో సింహాసనం మారలేదు, సుల్తాను మారలేదు. మింబర్ మీంచి వినబడే పేరు మారింది. రాజ్యం ఎవరి చెప్పుచేతల్లోకి పోయిందో ఊరందరికీ తెలిసిపోయింది.

అంత బరువు మోయాల్సిన పీఠాన్ని కోర్డోబా వడ్రంగులు ఎలా కట్టారో చూద్దాం. దాని అతి చిన్న భాగంతో మొదలుపెట్టడమే మంచిది.

ఆ భాగం ఒక చెక్కడపు పలక. చాలావరకు అరచేతిలో ఇమిడేంత పలకలివి. వాటిలో తీగెలు మెలికలు తిరుగుతుంటాయి, తీగెల నుంచి ఆకులు చీలుతుంటాయి. తీగెలను పైకి నిలిపి, చుట్టూ ఉన్న కొయ్యను ఉలితో లోతుకు దింపేశారు. ఆ లోతులోనే పనితనమంతా ఉంది. మసీదు లోపల వెలుగు పలచగా, పక్కవాటుగా పడుతుంది. పైపైన గీసిన గీత అంత వెలుగులో కనిపించదు. లోతుగా చెక్కితే నీడ పడుతుంది, నీడ పడ్డప్పుడు ఆకు అంచు తేలుతుంది. అంచు విరగకుండా నిలవాలంటే కొయ్య గట్టిగా, సన్నని పోగుతో ఉండాలి. అందుకే వాళ్లు మూడు రకాల కొయ్య ఎంచుకున్నారు. బాక్స్‌వుడ్‌ది లేత పసుపు, రేగు జాతి కొయ్యది ఎరుపు కలిసిన గోధుమ వన్నె, ఆఫ్రికా నల్లచేవది దాదాపు బొగ్గు రంగు. మూడూ ఉలికి తేలిగ్గా లొంగవు. లొంగాక మాత్రం చెక్కిన గీతను శతాబ్దాల తరబడి వదలవు. పైగా రంగు వేయాల్సిన పనే లేదు, ఎందుకంటే ఏ కొయ్య వన్నె ఆ కొయ్యదే.

ఈ పలకల మధ్య సన్నని పట్టీలు నడుస్తాయి. పట్టీలు చెక్కినవి కావు, పొదిగినవి. ఎముక ముక్కలనూ రంగురంగుల కొయ్య ముక్కలనూ గింజంత పరిమాణానికి కోసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, కిందున్న దేవదారు పలకకు అతికించారు. ముక్క మందం వెంట్రుకవాసి తేడా వచ్చినా పైతలం ఎగుడుదిగుడవుతుంది. కోణం కాస్త తప్పినా ఆ తప్పు పక్క ముక్కకు, దాన్నుంచి ఆ పక్కదానికి పాకుతూ పట్టీ చివరికి పెద్దదైపోతుంది. కాబట్టి ప్రతి ముక్కా తనకు తానుగా సరిగ్గా ఉండాలి, పొరపాటు సర్దుకోవడానికి తావు లేదు.

చిన్న ముక్కల్లో ఇంకో తెలివి కూడా ఉంది. కొయ్య తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఎముక అంతగా కదలదు. రెంటినీ పెద్ద పెద్ద ముక్కలుగా జోడిస్తే రుతువు మారినప్పుడల్లా ఒకటి లాగుతుంది, మరొకటి మొరాయిస్తుంది, చివరికి పగులు వస్తుంది. చిన్న ముక్కలైతే కదలిక వేలకొద్దీ అతుకుల్లోకి పంచుకుపోతుంది. ఏ ఒక్క అతుకు మీదా మొత్తం భారం పడదు. అందం కోసం పేర్చినట్టు కనిపించే అల్లిక మన్నిక కోసం కూడా పేర్చినదే.

ఇక పట్టీల దారి చూద్దాం. మింబర్‌కు ఇరువైపులా ఉన్న పెద్ద త్రికోణపు ముఖాల మీద ఎనిమిది కోణాల నక్షత్రాలు పరుచుకుని ఉంటాయి. ఒక చతురస్రం మీద ఇంకో చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి పెడితే ఈ నక్షత్రం వస్తుంది. దాని అంచులను ముందుకు పొడిగించుకుంటూ పోతే కొన్ని గీతలు అడ్డంగా, కొన్ని నిలువుగా, కొన్ని ఏటవాలుగా సాగి, పక్క నక్షత్రాల గీతలతో కలుస్తాయి. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరిగి ఎక్కడా తెగకుండా బయల్దేరిన చోటికి చేరినట్టు, ఇక్కడ పట్టీ ఒక నక్షత్రాన్ని చుట్టి, ఒక పట్టీ మీదుగా పోయి, మరో పట్టీ కింద దూరి, ఇంకో నక్షత్రాన్ని అందుకుంటుంది. పట్టీల మధ్య మిగిలిన ఖాళీలే పలకల ఆకారాలు. అంటే పలకను విడిగా ఊహించి చెక్కలేదు. ముందు గీతలు నడిచాయి, ఆ గీతలు విడిచిపెట్టిన చోటికి తగ్గట్టు పలక పుట్టింది.

ఈ నక్షత్రం మెట్లకు ఎంత తగినదో గమనిస్తే ఆ పనివాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. మెట్లంటే అడ్డగీత, నిలువుగీత. వాటన్నిటినీ కలిపి చూస్తే ఏటవాలు. మెట్లలో ఉన్న దిక్కులే నక్షత్రంలోనూ ఉన్నాయి. అందువల్ల ముఖం మీది అల్లిక పైనుంచి తెచ్చి కప్పిన వస్త్రంలా అనిపించదు. ఆ కట్టడం లోపలి లెక్కే బయటికి కనిపిస్తున్నట్టు ఉంటుంది.

మెట్లను అక్రోటు కొయ్యతో చేశారు. ప్రతి మెట్టు ముందుముఖం మీదా గుర్రపులాడం ఆకారపు తోరణాలు వరసగా ఉంటాయి, ఒక్కో తోరణంలో ఒంపులు తిరిగిన మొక్క. ఇదంతా రంగు కొయ్యల పొదుగు పనే. ఇరువైపులా ఉన్న కటకటాల పై అంచున రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ సాగుతుంది. అందులో నల్లచేవ, ఎముక కలిపి కూఫీ అనే అరబ్బీ లిపిలో ఖురాన్ వాక్యాలు పొదిగారు. ఎక్కేవాడి చెయ్యి పక్కనే ఆ అక్షరాలు కూడా పైకి నడుస్తాయి. తన సొంత మాట మొదలుపెట్టేలోపే ఖతీబు తనకన్నా పెద్ద మాట పక్కన నడిచి వస్తాడు.

ఎక్కడంలో ఒక క్రమం ఉంది. ఖతీబు చేతికర్ర పట్టుకుని ఎక్కుతాడు. పైన కూర్చుంటాడు, అజాన్ వినబడుతుంది. లేచి మొదటి ఖుత్బా చెబుతాడు, కాసేపు కూర్చుని మళ్లీ లేచి రెండోది చెబుతాడు. చాలాచోట్ల అన్నిటికన్నా పై మెట్టును ప్రవక్త మీది గౌరవంతో ఖాళీగా వదిలి, దాని కిందే నిలబడతారు. ఈ సంప్రదాయంలో గొప్ప వివేకం ఉంది. పీఠం మాట్లాడేవాణ్ని జనం కన్నా ఎత్తులో నిలుపుతుంది, అదే క్షణంలో అతనికి పైన ఇంకో మెట్టు ఉందని చూపిస్తుంది. అధికారం అతనిది కాదు, అతనికి అప్పగించినది.

ఇంత బరువైన కట్టడం ఒకచోట స్థిరంగా ఉండేది కాదన్నదే అన్నిటికన్నా ఆశ్చర్యం. పడమటి ముస్లిం దేశాల్లో మింబర్‌ను మిహ్రాబ్ (నమాజు దిక్కును చూపే గోడగూడు) పక్కనున్న చిన్న గదిలో దాచి, శుక్రవారం బయటికి తెచ్చేవారు. అది దారికి అడ్డం లేకపోతే నమాజు వరసలు తెగవు. కోర్డోబా పెద్ద మసీదులో 10వ శతాబ్దపు ప్రసిద్ధ మింబర్ కూడా చక్రాల మీద కదిలేదే. అది ఇప్పుడు లేదు. కుతుబియ్యాలో ఈ కదలికను ఒక యంత్రానికే అప్పగించారు. నేల కింద కప్పీలు, తూకపు బరువులు అమర్చి ఉంటారని ఒక ఊహ. పాలకుడు నమాజుకు వచ్చి నిలబడే చోటు చుట్టూ ఉన్న కొయ్యతెర నేలలోంచి పైకి లేచేది. ఖతీబు వచ్చే వేళకు గది తలుపు తెరుచుకుని మింబర్ చప్పుడు లేకుండా ముందుకు వచ్చేది. ఖుత్బా ముగిశాక అలాగే వెనక్కి వెళ్లిపోయేది. ఈ ఏర్పాటు మలగా నగరానికి చెందిన హాజీ యయీష్ అనే ఇంజనీరుదని చెబుతారు. 20వ శతాబ్దంలో మసీదు స్థలాన్ని తవ్వినప్పుడు నేలలో ఆ యంత్రం అమరిన గోతుల ఆనవాళ్లు బయటపడ్డాయి.

తూకపు బరువుల సూత్రం తేలికైనదే. కదలాల్సిన భారానికి సరితూగే బరువును తాడు రెండో కొసన కట్టి కప్పీ మీదుగా వేలాడదీస్తే, రెండూ ఒకదాన్నొకటి మోసుకుంటాయి. అప్పుడు కొద్దిపాటి బలం చాలు. కష్టమంతా చప్పుడు రాకుండా చేయడంలో ఉంది. చక్రం ఇరుసు మీద వదులుగా ఉంటే కీచుమంటుంది, తాడు ఒరుసుకుంటే గురగురలాడుతుంది. నిశ్శబ్దంగా కదిలిందంటే ప్రతి ఇరుసూ ప్రతి గాడీ ఎంత నున్నగా కుదిరి ఉండాలో ఊహించుకోవచ్చు. అక్కడ చేరిన జనానికి కనిపించింది పీఠం రావడం మాత్రమే, లాగిన చేతులు కనిపించలేదు.

ఇప్పుడు మొత్తాన్ని ఒక్కసారిగా చూడండి. దూరపు వరసలో కూర్చున్నవాడికి కనిపించేది పైకి లేచిన ఒక త్రికోణం, దాని కొసన ఒక మనిషి. నడిమి వరసకు నక్షత్రాలు కనిపిస్తాయి. ముందు వరసకు పలకల్లో ఆకులు కనిపిస్తాయి. ఎముక గింజల అతుకు కంటికి ఆనాలంటే పక్కనే నిలబడాలి. ఏ దూరం నుంచి చూసినా ఆ దూరానికి తగిన క్రమం ఒకటి సిద్ధంగా ఉంది. దగ్గరికి వెళ్లేకొద్దీ కొత్త క్రమం బయటపడుతుందే తప్ప, ఇక్కడితో శ్రద్ధ ఆగిపోయిందన్న చోటు రాదు. మాట వినడానికి కూర్చున్నవాడికి ఇది చెప్పకుండానే ఒక నమ్మకం ఇస్తుంది. ఇక్కడినుంచి వచ్చే మాట కూడా ఇంతే ఆలోచనతో వస్తుందని ఆశించేలా చేస్తుంది.

ఆ నమ్మకం ఎంత బలమైనదో చరిత్రే పరీక్షించింది. 1147లో అల్మొరావిద్‌ల ప్రత్యర్థులైన అల్మొహద్‌లు మరాకేష్‌ను పట్టుకున్నారు. అల్మొరావిద్‌ల మతం దారి తప్పిందన్నది వాళ్ల వాదన, అలంకారాలంటే వాళ్లకు అయిష్టం. ఓడిన రాజుల మసీదును పడగొట్టారు. ఆ మసీదు కోసమే చేసిన, ఆ శత్రువు చేయించిన, నిలువెల్లా అలంకారమైన మింబర్‌ను మాత్రం ముట్టుకోలేదు. వాళ్ల నాయకుడు అబ్ద్ అల్-ముమిన్ దాన్ని తన కొత్త కుతుబియ్యాకు తరలించాడు. అదే పీఠం మీంచి ఇప్పుడు కొత్త పాలకుడి పేరు వినిపించింది. గోడల్ని మళ్లీ కట్టుకోగలమని వాళ్లకు తెలుసు, ఇలాంటి పీఠాన్ని మళ్లీ చేయించగలమన్న ధీమా మాత్రం లేకపోయి ఉండాలి.

శతాబ్దాల వాడకంలో కొన్ని పలకలు ఊడిపోయాయి, పొదుగు రాలింది. 1990లలో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం నిపుణులు మొరాకో పనివాళ్లతో కలిసి దాన్ని శుభ్రపరిచి, వదులైన ముక్కలను నిలబెట్టారు. ఇవాళ దాని మీదికి ఏ ఖతీబూ ఎక్కడు, దాని మీంచి ఏ రాజు పేరూ వినబడదు. అయినా చూసినవాళ్లు దానికి తలవంచుతారు. పీఠం మాట్లాడేవాడికి అరువిచ్చే గౌరవం మొదట ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. అది రాజాజ్ఞలోంచి రాలేదు. ఎవరూ వేలు పెట్టి చూడని అతుకును కూడా సరిగ్గా కుదిర్చిన ఆ వడ్రంగుల చేతుల్లోంచి వచ్చింది. రాజవంశాలు దాన్ని వాడుకున్నాయి, దాన్ని సంపాదించిపెట్టింది మాత్రం ఆ చేతులే.