తుపాకిపై బంగారు తీగె

చెకుముకి తుపాకిని అలంకరించుట ఖడ్గమును అలంకరించుటకంటె కష్టతరమని నా అభిప్రాయము. ఖడ్గమునకు పిడి గలదు, ఒర గలదు. అచ్చట రత్నములెన్ని పొదిగినను వాదరకు లోటు రాదు. తుపాకి అట్టిది కాదు. మీట నొక్కగనే చెకుముకిరాయి ఉక్కుపలకను కొట్టగా, రాలిన నిప్పురవ్వలకు రంజకము రగుల్కొని, ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందును చేరి పేలునట్టి ఈ యంత్రమునందు, గొట్టమును లోతుగా చెక్కినచో అది పగిలి కాల్చువాని ముఖమునకే ముప్పు తెచ్చును. కుందాను చేయి పట్టు సన్ననిచోట మితిమీరి తొలిచినచో కొయ్య విరుగును.

మూసీ దక్షిణతీరమున సాలార్‌జంగ్ మ్యూజియములోని ఆయుధశాలకు పోయినపుడెల్ల, పాదుషాల కత్తులకడ గుమిగూడిన జనమును దాటి పాతతుపాకులకడ నేను నిలుచుట ఇందుచేతనే. గొట్టమును లోతుగా చెక్కరాదను చిక్కునకు మన దేశపు పనివారు ఎరిగిన ఉపాయము కోఫ్త్‌గరీ. ఉక్కుపై సన్నని ఉలితో అడ్డముగను నిలువుగను గీతలు గీచి గరుకుచేసి, కాచి, బంగారు తీగెను పూలతీవెగా పరచి, చిన్నసుత్తితో కొట్టి కరపించి, అకీకు రాతితో మెరుగుపెట్టుదురు. లోహబలము తగ్గదు, శోభ నిలుచును. పాతబస్తీలో నేటికిని కొందరు చేయు బిదరీ దీనికి జ్ఞాతియే గాని, అందు తుత్తునాగపు మిశ్రమమును లోతుగా చెక్కి వెండితీగెను గాడిలో కూర్చుదురు. బిదరీ చేసిన తాంబూలపు పెట్టె, పాందాను, పేలదు గదా!

18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాము కొలువున తీర్చిన పటాలముల తుపాకులకు ఈ శృంగారము అక్కరలేకపోయెను. అది ప్రభువుల వేటతుపాకులకు చెల్లినది. 1799లో మడిసిన టిప్పు సుల్తాను కార్ఖానాల పనివారు చెకుముకిరాతిని పట్టు కొక్కెమునే పులిగా మలచిరి. పనిచేయు అవయవమే అలంకారమైన ఆ కల్పన నాకు మిక్కిలి ఇష్టము. అదేకాలమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను పనివారు మాపుల్ కుందాపై, చెంప ఆనుచోటికి వెనుక, ఆకుతీవెలను ఉబ్బెత్తుగా చెక్కిరి. కొయ్యపనిలో వారిది మిన్న యనక తప్పదు. లోహమున మనవారిదే పైచేయి.

తుపాకులను చూడబోవు పాఠకులు బంగారమెంత యని లెక్కింపవలదు. కొయ్యయు ఇనుమును కలియు అతుకును పరికింపవలెను. అచ్చట వెండ్రుక దూరు సందు కనబడెనా, పైన మెరుగెంత యున్నను అది రెండవతరగతి పనియే.