పేడముద్ద నుంచి పరమాన్నం దాకా

నెలగంట పెట్టారంటే గోదావరి జిల్లాల పల్లెల్లో పిల్లలకి పని పడినట్టే. డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలోకి వచ్చిన దగ్గర్నుంచి జనవరిలో భోగి దాకా ఇంచుమించు నెల రోజులు. ఆ నెలలో పెద్దవాళ్ళకి ఊపిరాడదు. కుప్పనూర్పులు, ఇంటికి వెల్లలు, అరిసెలకి బియ్యం నానబోతలు, కొత్త బట్టల బేరాలు. అరిసెల పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వరు, ధాన్యం బస్తాల దగ్గర వాళ్ళు అడ్డం. వాళ్ళ వాటాకి వచ్చేది పేడ. పిడకలు చెయ్యాలి, దండ గుచ్చాలి, గొబ్బెమ్మలకి పూలు తేవాలి, బొమ్మల కొలువులో చేలకి గింజలు చల్లాలి.

వీటిని పిల్లల ఆటల కింద జమకట్టడం నాకు నచ్చదు. ఆటలే అయితే చెయ్యకపోయినా పండగ నడిచిపోవాలి. ఇక్కడ అలా నడవదు. భోగి మంటలో పడాల్సిన దండ పిల్లలు గుచ్చాల్సిందే. రథసప్తమినాడు పాలు పొంగించే నిప్పుకి గొబ్బెమ్మల పిడకలు కావాల్సిందే. నాలుగేళ్ళ పిల్ల తట్టిన వంకరటింకర పిడక కూడా మంటలో మిగతా వాటితో సమానంగా మండుతుంది. మన పండగల్లో పిల్లలకి ఇంత నిఖార్సైన పని అప్పగించేవాటిలో నాకు తెలిసి సంక్రాంతిదే మొదటి చోటు.

పని అన్నాక దానికో పద్ధతి ఉంటుంది. పచ్చగడ్డి మేసిన పశువు పేడ పలచగా జారిపోతుంది. ఎండుగడ్డి మేసినదాని పేడ పీచుపీచుగా, గట్టిగా ఉంటుంది. పిడకకి ఇదే మేలు. పలచటిదే దొరికితే గుప్పెడు ఊకో, సన్నగా తరిగిన గడ్డో వేసి పిసుకుతారు. ఊక పడితే పిడక ఆరేటప్పుడు పగలదు. పొద్దున్నే తెచ్చిన పేడతో ఆ పూటే పని కానివ్వాలి. సాయంత్రానికి పైన తొక్క కట్టి, తట్టబోతే విడిపోతుంది. చేతులు నీళ్ళతో తడుపుకుని, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, గారె తట్టినట్టు తట్టి మధ్యలో చిల్లు పెట్టాలి.

ఉన్న కిటుకంతా ఆ చిల్లులో ఉంది. పసివాళ్ళు చిటికెన వేలితో ముద్దుగా చిన్న చిల్లు పెడతారు. పిడక ఆరేలోగా మెత్తటి అంచులు లోపలికి కుంగి ఆ చిల్లు సగం పూడుకుపోతుంది. దండ గుచ్చే రోజున తాడు దూరదు, బలవంతాన దూరిస్తే పిడక రెండు ముక్కలవుతుంది. అందుకని బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పి, కాస్త పెద్దదే అనిపించేంత చిల్లు పెట్టమంటారు నాయనమ్మలు. మందం విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే. మందంగా తట్టింది పైకి ఎండినట్టు కనబడినా లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఆరబెట్టడం మరో చదువు. వంటచెరుకు పిడకలు గోడకి కొడతారు గానీ భోగి పిడకల్ని గోనెపట్టా మీదో, అరుగు మీద గడ్డి పరిచి దాని మీదో వరసగా పేరుస్తారు. ధనుర్మాసం మంచు తక్కువదేం కాదు. పగలంతా ఎండినవి రాత్రి బయట వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ మెత్తబడతాయి. సాయంత్రమయ్యేసరికి పట్టా అంచులు పట్టుకుని చూరు కిందికి చేర్చాలి, పొద్దెక్కాక మళ్ళీ ఎండలోకి లాగాలి, అడుగువైపు పైకొచ్చేలా తిరగెయ్యాలి. అయిదారేళ్ళ పిల్లలకి ఈ పని ఒప్పజెప్పి చూడండి, ఎండ ఏ వేళకి ఎటు తిరుగుతుందో చెప్పకుండానే పట్టేస్తారు. పూర్తిగా ఎండిన పిడక చేతికి తేలిగ్గా తగులుతుంది, గోటితో కొడితే టక్కుమంటుంది. మెత్తని చప్పుడొస్తే ఇంకా ఎండాలన్నమాట.

భోగి ముందురోజు కొబ్బరితాడు గానీ పురికొస గానీ తీసుకుని దండ గుచ్చుతారు. చిన్నవి కొసలకీ పెద్దవి మధ్యకీ వస్తే దండ అందంగా వేలాడుతుంది. నూట ఎనిమిది ఉండాలని కొందరి ఇళ్ళల్లో పట్టింపు. చాలా ఇళ్ళల్లో అలాంటి లెక్కేమీ లేదు, పిల్లకెన్ని కుదిరితే అన్ని. ఒక్కొక్కరికి ఒక్కో దండ ఉండాలన్నది మాత్రం అందరిళ్ళలోనూ ఖాయం. అన్న దండలో చెల్లి పిడక కలవడానికి వీల్లేదు, ఆ గొడవలు తీర్చలేక తల్లులకి తలప్రాణం తోకకొస్తుంది. తెల్లవారుజామున దండలు మెడలో వేసుకుని మంట దగ్గరికి రావడం, చుట్టూ తిరిగి అందులో వెయ్యడం, ఆ మంట మీదే కాగిన నీళ్ళతో తలంట్లు పోయించుకోవడం. నెల రోజుల చాకిరీ ఆ కాసేపట్లో కాలిపోతుంది, అయినా ఏ పిల్లా ఏడవగా నేను చూడలేదు. ఎందుకు చేశారో వాళ్ళకి ముందునుంచే తెలుసు మరి.

రెండు మాటలు ఇక్కడే చెప్పుకోవాలి. పిడకల పొగ పీలిస్తే ఆరోగ్యమని ఫోన్లలో తిరిగే ప్రచారాన్ని పట్టించుకోకండి. పొగ ఏదైనా పొగే. చంటిపిల్లల్ని గాలి వచ్చే వైపు నిలబెట్టి, పొగ అవతలికి పోయేలా చూసుకోండి. ఇక పాత సామాను కాల్చాలనే నెపంతో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగులేసిన చెక్కలు మంటలో పడేసేవాళ్ళ దగ్గర మొహమాటం అక్కర్లేదు, ఎదురుగా ఆపాలి. పేడ పట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడిగించడం, పిల్లలకి గోళ్ళు తీయించడం, చేతికి గాయముంటే ఆ రోజు పేడ ముట్టనివ్వకపోవడం తప్పనిసరి.

గొబ్బెమ్మలది ఇంకో తీరు. కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, దాని మధ్య పేడముద్దల్ని బేసి సంఖ్యలో నిలబెట్టి, పసుపు కుంకుమలు చల్లి నెత్తిన పువ్వు గుచ్చుతారు. బంతీ చామంతీ ఉన్నా గొబ్బెమ్మకి అసలు అందం గుమ్మడి పువ్వుదే. అది తెమ్మని పిల్లల్ని పాదు దగ్గరికి పంపేటప్పుడు పెద్దవాళ్ళు ఒక మాట చెప్పి పంపుతారు: పువ్వు కింద బుల్లి కాయలా ఉబ్బెత్తు కనిపిస్తే ముట్టుకోవద్దు, సన్నటి పొడుగు కాడతో ఉన్నదే కోసుకురా అని. ఉబ్బెత్తున్నది ఆడపువ్వు, అది కోస్తే కాయ పోయినట్టే. కాడపువ్వు మగది, పుప్పొడి కోసం పాదుకి కొన్ని వదిలితే చాలు, మిగతావి కోసుకున్నా నష్టం లేదు. మొక్కల్లో ఆడామగా తేడాని పుస్తకంలో బొమ్మ గీసి చెప్పేలోగానే ఆ పిల్లకి పాదు దగ్గర తెలిసిపోతుంది. తెలంగాణ పల్లెల్లో గొబ్బెమ్మల మీద గరికపోచలు, రేగుపండ్లు, నవధాన్యాలు పెడతారు. పొలంలో ఆ వేళకి ఏముందో అదే అక్కడ అలంకారం.

రోజూ పెట్టిన గొబ్బెమ్మల్ని పారెయ్యరు. వాటినే పిడకలుగా తట్టి దాస్తారు. కొన్ని భోగిలో పడతాయి, కొన్ని మాఘ శుద్ధ సప్తమి దాకా ఆగుతాయి. రథసప్తమి పొద్దున తలమీద జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టుకుని స్నానం చేశాక, తులసికోట దగ్గర ఎండ పడేచోట ఆ పిడకలు రాజేసి, పాలు పొంగించి, కొత్తబియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండుతారు. గరిటె బదులు చెరుకుముక్కతో కలిపే ఇళ్ళున్నాయి. నైవేద్యం చిక్కుడాకుల్లో పెడతారు. పిల్లలకి అక్కడా ఒక పని ఉంది, చిక్కుడుకాయల రథం. కొబ్బరి ఈనెపుల్లలు విరిచి, కాయల్ని అడ్డంగా, నిలువుగా గుచ్చి చట్రం కడతారు, వంపు తిరిగిన కాయ ఒకటి పైన గోపురంలా నిలబెడతారు. లేతకాయ పుల్ల గుచ్చగానే చీలుతుంది, ముదురుకాయ నిలబడుతుంది. నాలుగైదు కాయలు పాడైతే తప్ప ఈ సంగతి ఎవరికీ ఒంటబట్టదు, పాడైనవి ఎలాగూ కూరలోకి పోతాయి.

బొమ్మల కొలువు గురించి ఎంత చెప్పినా చాలదు గానీ, పిల్లల చేతిపని వరకే ఆగుతాను. కోస్తాలో ఎక్కువ ఇళ్ళల్లో కొలువు సంక్రాంతికి, రాయలసీమలో చాలాచోట్ల దసరాకి. మెట్లమీద కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు కూర్చోబెట్టడం పెద్దవాళ్ళ పనే, అవి అరచేతి నుంచి జారితే ఆ ఏడాదంతా బాధ. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసింది. చేతుల్నీ కాళ్ళనీ విడివిడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కింద పడితే ముందు ఊడేది ఆ అతుకే. ఏటికొప్పాకది అంకుడు కర్ర, లక్క రంగు, కాస్త దెబ్బకోర్చేది. మెట్ల కింద నేలమీద ఉండే ఊరు మాత్రం పూర్తిగా పిల్లల రాజ్యం. పళ్ళెంలో మట్టి పోసి ఆవాలో రాగులో చల్లి తడుపుతూ ఉంటే అయిదారు రోజుల్లో పచ్చటి చేను లేస్తుంది. పగిలిన అద్దం ముక్క చెరువవుతుంది, అంచులు ఇసుకలో పూడ్చి పెట్టండి, లేకపోతే వేళ్ళు తెగుతాయి. గింజలు భోగికి అయిదారు రోజుల ముందే చల్లాలి, ఆలస్యమైతే బీడు పొలం మిగులుతుంది.

భోగిపళ్ళ వేడుకలో చెయ్యడానికి పిల్లలకేమీ లేదు, కూర్చుంటే చాలు. రేగుపళ్ళు, చెరుకుముక్కలు, పూలరేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలిపి మూడుసార్లు తల చుట్టూ తిప్పి పోస్తారు. ఏడాది నిండని పిల్లలకి పోసేటప్పుడు నాణేలూ, నానబెట్టిన శనగలూ ఆ కలయికలో లేకుండా చూడండి, నోట్లో పెట్టేసుకుంటారు. రేగుపళ్ళు దొరకని విదేశాల్లో తెలుగువాళ్ళు చాక్లెట్లతో కానిస్తున్నారు. నాకు అభ్యంతరం లేదు. ఏ పండు దొరికితే ఆ పండు.

సంక్రాంతిది కాకపోయినా, ఇలాగే పిల్లల చేతిలో మట్టి పెట్టే సంప్రదాయం తెలంగాణలో బొడ్డెమ్మది. భాద్రపదంలో, బతుకమ్మకి ముందు, పెళ్ళికాని ఆడపిల్లలు పీట మీద పుట్టమన్నుతో అంతరాలు అంతరాలుగా బొడ్డెమ్మని కడతారు, ఎర్రమన్నుతో అలికి ముగ్గులేసి పూలు పెడతారు, సాయంత్రాలు చుట్టూ ఆడతారు, చివర్న నీళ్ళలో వదులుతారు. బతుకమ్మ పేర్చడానికి కావలసిన చేతివాటం చాలామందికి ఇక్కడే అబ్బుతుంది. అడుగు వెడల్పు, పైకి సన్నం, పక్కకి ఒరగకూడదు.

పట్నంలో పరిస్థితి తెలిసిందే. అంగడిలో పిడకల దండ ప్లాస్టిక్ సంచిలో దొరుకుతోంది. బడుల్లో సంక్రాంతి సంబరమంటే థర్మకోల్ గొబ్బెమ్మ మీద కాగితం పువ్వు అతికించి ఫొటో తీయడం. ఆ థర్మకోల్ గొబ్బెమ్మ దేనికి పనికొస్తుందని ఏ పిల్లయినా అడిగితే టీచరు దగ్గర జవాబుండదు. కొన్న దండని తప్పుపట్టను, వీలుకానివాళ్ళు కొనుక్కోనీ. కాకపోతే అది మంటలో పడేటప్పుడు పిల్ల పక్కన నిలబడి చూస్తుంది, అంతే. తన చేతి గుర్తు దానిమీద లేదు కదా.

అపార్టుమెంటులో ఉన్నా ఇది అయ్యే పనే. ఊరిచివర గోశాలనో, పాలు పోసే రైతునో అడిగితే ఓ బకెట్టు పేడ ఇవ్వకపోరు. మేడమీద గోనెపట్టా పరిచేంత చోటు ఎవరికైనా ఉంటుంది. మూడేళ్ళ వాడు చిల్లు పెడతాడు, ఆరేళ్ళది తిరగేస్తుంది, పదేళ్ళది దండ గుచ్చుతుంది. పల్చటి పిడక మంచి ఎండకి నాలుగైదు రోజుల్లో ఆరుతుంది, మబ్బు పట్టిందంటే వారం పైనే. కాబట్టి భోగి ముందురోజు హడావుడి పడకుండా, ఈసారి నెలగంట పెట్టిన వారంలోనే పాలాయనకి చెప్పి ఉంచండి.